ఎడమ మణికట్టు

నా పెళ్ళికి ముందు గాజులు తొడిగించుకునే రోజున, మా అమ్మ వయసున్న ఒకావిణ్ణి చెంప మీద కొట్టాను. బందరులో, మా మావయ్య ఇంటి అరుగు మీద, చుట్టాలందరి మధ్య. తొంభై నాలుగులో మాట ఇది. ఆవిడ భుజాన గాజుల మలారం వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మే మనిషి. అప్పటిదాకా నా గాజులు నేనే వేసుకునేదాన్ని. నా కుడిచేతికి గాజులు ఎక్కిస్తున్నంతసేపూ నవ్వుతూ కబుర్లు చెప్పాను. తర్వాత ఆవిడ నా ఎడమచెయ్యి తీసుకుని, మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుని, వేళ్ళన్నీ దగ్గరికి నొక్కింది. అంతవరకే నాకు గుర్తుంది. ఏదో చప్పుడైంది. అది నా చెయ్యి ఆవిడ చెంప మీద పడిన చప్పుడని తెలియడానికి కాసేపు పట్టింది. ఒళ్ళంతా చెమటలు. అరుగు నిండా పగిలిన గాజుముక్కలు.

“ఇదేం పిల్లమ్మా! గాజులేస్తుంటే కొడతావేంటి?” అందావిడ చెంప పట్టుకుని.

“పెళ్ళికూతురు కదా, బెదిరింది. ఏవనుకోకు,” అంటూ మా అత్త, అంటే మావయ్య భార్య, ఎవరూ అపశకునమనకముందే చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చేసింది.

మా అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నన్ను తిట్టలేదు. ఆవిడకి సర్దిచెప్పలేదు. వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం మావయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు. ఆయనకి రేవుకి వెళ్ళే రోడ్డులో వలలు, తాళ్ళు అమ్మే చిన్న కొట్టు ఉండేది. డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత అమ్మనీ నన్నూ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. మాది దివిసీమలో సముద్రం ఒడ్డు పల్లె. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఐదేళ్ళు. నాన్న పోయాడు, చంటి తమ్ముడు పోయాడు, మేమిద్దరం మిగిలాం. ఇదైనా నాకు ఇంట్లోవాళ్ళు అనుకుంటుంటే విని తెలిసిందే. ఆ గాలీ, ఆ నీళ్ళూ నాకు గుర్తులేవు. నాకున్న మొదటి జ్ఞాపకం మావయ్య ఇంట్లో సత్తుగిన్నెలో గంజి తాగుతూ ఉండటం.

“నీకు చెప్పొద్దంది మీ అమ్మ,” అన్నాడు మావయ్య. “ఆ రాత్రంతా నీ ఎడంచెయ్యి పట్టుకునే ఉందంట. తెల్లారాక మనుషులొచ్చేసరికి మీ ఇద్దరూ తుమ్మచెట్ల మధ్య బురదలో ఉన్నారు. మీ అమ్మకి ఒంటి మీద స్పృహ లేదు. అయినా నీ చెయ్యి వదల్లేదు. ఆ వేళ్ళు విడదీయడం మగాళ్ళ వల్ల కూడా కాలేదంట. నేనొచ్చి చూసేసరికి నీ చెయ్యి నల్లగా కమిలిపోయి, ఇంత లావు వాచి ఉంది.”

“మరి నాకేం గుర్తులేదేంటి మావయ్యా?”

“గుర్తు లేకపోవడమే మంచిదమ్మా. మర్చిపో.”

గుర్తులేదు మొర్రో అంటుంటే మర్చిపొమ్మంటాడు. నాకు ఒళ్ళు మండింది. అప్పటినుంచి ఆ మాట ఎందరి నోట విన్నానో. గుర్తే లేనిదాన్ని ఎలా మర్చిపోవాలో వాళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

పెళ్ళిలో ఎడమచేతికి కంకణం కట్టేటప్పుడు అత్త వెనకనుంచి నా భుజాలు అదిమి పట్టుకుంది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి ఎలాగో గట్టెక్కాను. పెళ్ళికూతురు సిగ్గుపడుతోందని ఎవరో నవ్వారు.

మా ఆయన గుడివాడ బస్సు డిపోలో గుమాస్తా. కాపురం అక్కడే పెట్టాం. నేను జువాలజీలో పీజీ చేశాను కాబట్టి, దగ్గర్లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. ఆయన మంచివాడు. కాస్త తొందర మనిషి, అంతే. ఒక వానాకాలం బస్టాండులో మేం నిలబడి ఉంటే, వెనకనుంచి బస్సొకటి రివర్స్ చేసుకుంటూ మా మీదకే వస్తోంది. నన్ను పక్కకి లాగబోయి ఆయన నా ఎడమచెయ్యి పట్టుకున్నారు. రెండు చేతులతో ఆయన్ని తోసేశాను. తెల్లచొక్కాతో వెళ్ళి బురదగుంటలో పడ్డారు. డిపోలో పనిచేసేవాళ్ళే చుట్టూ ఉన్నారు. నవ్వారు.

ఇంటికొచ్చి, బురద చొక్కా విప్పి బకెట్లో పడేశారాయన. అప్పుడన్నారు: “బస్సు కింద పడకుండా లాగితే, నన్ను తోస్తావా?”

“నేను తొయ్యలేదండీ.”

“మరెవరు తోశారు?”

నిజంగానే నేను తొయ్యలేదనిపించింది. కానీ తోసింది నా చేతులే. ఆ మాట ఆయనకి చెప్తే ఇంకా పిచ్చిగా ఉంటుందని ఊరుకున్నాను.

విషయం ఆయన అమ్మకి, మా అత్తగారికి తెలిసింది. గాలి సోకిందని తేల్చేశారు. “ఉప్పెనలో పోయినవాళ్ళెవరో వదల్లేదమ్మాయ్ నిన్ను,” అని, మా జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం అనే ఊళ్ళో గుడికి తీసుకెళ్ళారు. పూజారిగారు రక్షాతోరం పట్టుకుని, “ఆడవాళ్ళకి ఎడంచెయ్యమ్మా,” అన్నారు. నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగబోయారు. గుళ్ళోనే కేక పెట్టాను. “చూశారా! దేవుడి దారం కట్టించుకోనంటోంది,” అన్నారావిడ. ఇంకేముంది, రుజువైపోయింది. దారి పొడుగునా బస్సులో పక్కన కూర్చున్నావిడకి నా కథంతా చెప్తూనే ఉన్నారు, నేను అక్కడ లేనట్టే.

గుడివాడలో డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన నా కథ సగంలోనే ఆపేశారు. నరాల బలహీనతన్నారు. బీకాంప్లెక్స్ సూదిమందు రాశారు. “పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయమ్మా,” అన్నారు. సూది వేసేటప్పుడల్లా నర్సు పట్టుకోబోయేది ఎడమచెయ్యే. కుడిచెయ్యి ఇస్తానని ప్రతిసారీ బతిమాలుకోవాల్సి వచ్చేది.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించింది ఏమిటంటే, నేను క్లాసులో చెప్పే పాఠం కూడా అదే. నాడీవ్యవస్థ. బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, భాగాలు గుర్తించేదాన్ని. లోపల్లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే చోటు చూపించి, భయం, కోపం మొదలయ్యేది ఇక్కడేనని చెప్పేదాన్ని. ఒకసారి ముందు బెంచీ అమ్మాయి లేచి, “పరీక్షలో వస్తుందా మేడమ్?” అని అడిగింది. “బొమ్మలో భాగంగా రావచ్చు,” అన్నాను. “అయితే పేరు రాసుకుంటే చాలు కదండీ,” అని కూర్చుంది. నేను కూడా అప్పటిదాకా పేరు రాసుకున్నదాన్నే.

తర్వాత సెలవుల్లో, బందరులో నేను చదివిన కాలేజీ లైబ్రరీకి వెళ్ళి లావుపాటి పుస్తకాలు తిరగేశాను. చదివినకొద్దీ నా సంగతే ఎవరో నాకు చెప్తున్నట్టనిపించింది. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అని కథలా దాచిపెట్టే భాగం మెదడులో వేరే ఉంది. చిన్నపిల్లల్లో అది ఇంకా కుదురుకుని ఉండదు. ప్రాణం పోయేంత భయంలో పెద్దవాళ్ళకే అది తడబడుతుంది. కానీ ఆ బాదంగింజ మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ కాపలా కాస్తూనే ఉంటుంది. ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఒంటికి ఏది తగిలిందో, ఏ వాసన వచ్చిందో, ఏ చప్పుడైందో అన్నీ పట్టుకుని, ఇది మళ్ళీ ఎదురైతే ఆలోచించకుండా కొట్టు, పారిపో అని నరాలకి నేర్పి పెడుతుంది. నుదుటి వెనక ఉన్న భాగం ఇది ఉప్పెన కాదు, గాజులమ్మే మనిషి అని తెలుసుకునేలోపు చెయ్యి లేచిపోతుంది. ఇల్లూవాకిలీ పోయి, రోజూ దిగులుతో పెరిగిన పిల్లల్లో ఆ కాపలా ఇంకా పదునెక్కుతుందట. నా చెయ్యి ఎందుకు లేచిందో తెలిసింది. నన్ను బతికించిన పట్టునే నా ఒళ్ళు శత్రువని రాసిపెట్టుకుంది. తెలిసినందుకు తేలికపడాలి కదా. ఆ తిరుగు ప్రయాణంలోనే, బందరు నుంచి గుడివాడ వచ్చే ప్యాసింజరు రైలు దిగుతుంటే, వెనక ముసలాయన పడబోయి నా ఎడమచెయ్యి ఆసరా పట్టుకున్నాడు. ఆయన మీద అరిచిన అరుపుకి ప్లాట్‌ఫారం మీద జనం మూగారు. అంత చదువూ ఎందుకూ పనికిరాలేదు.

కొన్నేళ్ళకి మాకు పాప పుట్టింది. డాక్టరుగారు చెప్పినట్టు ఏదీ సర్దుకోలేదు. పాపని ఎత్తుకున్నంతకాలం ఇబ్బంది లేదు. నడక వచ్చాక మొదలైంది. కుడిచేతిలో సంచి ఉంటుంది. ఎడమచెయ్యి దానికి ఇవ్వలేను. కొంగు పట్టుకుని నడవమనేదాన్ని. దానికి ఆరో ఏడు రాగానే, వేసవి సెలవులకి అమ్మ దగ్గరికి బందరు వెళ్ళాం. కోనేరు సెంటరులో రోడ్డు దాటుతుంటే, పాప కొంగు వదిలేసి ఐసుబండి వైపు పరిగెత్తింది. ఆటో వస్తోంది. సంచి జారవిడిచి అరిచానే గానీ, పక్కనే ఉన్న పిల్లని పట్టుకోవాల్సిన నా ఎడమచెయ్యి రొమ్ముకి అదుముకుని ఉంది. అదెప్పుడు అలా వెళ్ళిందో నాకు తెలియదు. పండ్లబండి అతను ఒక్క అంగలో వచ్చి పాపని లాగేశాడు.

“పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించాలి గానీ, కొంగు పట్టిస్తారేంటమ్మా?” అని కసిరాడు. తప్పేముంది, ఎవరైనా అదే అంటారు.

రిక్షాలో పాప అడిగింది: “అమ్మా, మా స్కూల్లో అందరమ్మలూ చెయ్యి పట్టుకునే తీసుకెళ్తారు. నువ్వెందుకు పట్టుకోవు?”

నాకు ఏడుపు రాలేదు. పట్టరానంత కోపం వచ్చింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఉప్పెన వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆ ఊళ్ళో మళ్ళీ ఇళ్ళు లేచాయి, మళ్ళీ పడవలు వచ్చాయి, పొలాలు పండుతున్నాయి. నా చెయ్యి మాత్రం ఇంకా ఆ బురదలోనే ఉంది.

బందరులో వారానికోసారి వచ్చి కూర్చునే మానసిక వైద్యురాలి గురించి మా ఆయనే కనుక్కొచ్చారు. పిచ్చి డాక్టరు దగ్గరికా అని అత్తగారు ముఖం మాడ్చుకున్నారు. వెళ్ళాను. ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు.

“ఇదంతా నాకు తెలుసండీ,” అన్నాను ఆవిడ చెప్పడం మొదలుపెట్టగానే. “ఆ బొమ్మ గీసి ఏటేటా పిల్లలకి చెప్తాను. తెలిసి ఏం లాభం?”

“పాఠం మీరు విన్నారు. దాన్ని వినాల్సిన ఆ బాదంగింజ వినలేదు,” అన్నారావిడ. “దానికి మాటలు ఎక్కవండీ, జరిపి చూపించాలి. మీకు నమ్మకమున్న మనిషి మీ చెయ్యి పట్టుకోవాలి. మీరు వదలమనగానే వదిలెయ్యాలి. ఆ రాత్రి వదలమనడానికి లేదు, వదిలితే పోతారు. ఇప్పుడు వదలమనొచ్చనీ, వదిలినా ఏమీ కాదనీ దానికి కొన్ని వందలసార్లు తెలియాలి. పాత దారి పూర్తిగా చెరిగిపోదు. పక్కన కొత్త దారి పడుతుంది.”

మందు రాస్తారనుకుంటే ఆట ఆడుకోమంటున్నారేమిటని విసుగ్గా ఇంటికొచ్చాను.

రోజూ సాయంత్రం టీ తాగాక ఆయన నా భుజం పట్టుకునేవారు. వదలమంటే వదిలేవారు. అలా వారాల తరబడి భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి కిందికి. ఆయనకి ఓపిక తక్కువ. “ఇవాళైనా ఇంకో స్టాపు ముందుకెళ్దామా?” అని బస్సు భాషలో అడిగేవారు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్ళు మండేది. సగం దాకా వచ్చాక అర్ధసంవత్సరం పరీక్షలు పడ్డాయి. ఫలితాలు తగ్గితే ఊరుకోమని యాజమాన్యం ఒకటే పోరు. పొద్దున్నే స్పెషల్ క్లాసులు, ఇంటికొస్తే పేపర్లు. నిద్ర లేదు. అదే సమయంలో సముద్రంలో వాయుగుండం అని రేడియో మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఆయన మోచెయ్యి ముట్టుకోగానే చేతిలో ఉన్న టీగ్లాసు గోడకేసి కొట్టాను.

“మళ్ళీ మొదటికొచ్చాం,” అన్నారాయన తలపట్టుకుని.

“వచ్చేది నేనండీ, మీరు కాదు!” అని అరిచాను.

డాక్టరమ్మకి చెప్తే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. కుండ నిండుగా ఉన్నప్పుడు చిన్న రాయి పడినా నీళ్ళు పొర్లుతాయన్నారు. నిద్ర, తిండి ముందు సరిచూసుకోమన్నారు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నారు. “మీ అమ్మగారు ఉన్నారుగా? ఆవిడ పట్టుకుంటే?”

అప్పుడు తట్టింది నాకు. నాకు జ్ఞాపకం ఉన్నంతవరకూ అమ్మ నా తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే కాళ్ళు పట్టింది. నా చెయ్యి మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు.

“నాకేం పిచ్చా, డాక్టర్లు చెప్పినట్టల్లా ఆడటానికి?” అంది అమ్మ. నాలుగైదు నెలలు బతిమాలించుకుంది. చివరికి పాప మాట మీద ఒప్పుకుంది. మావయ్య ఇంటి వెనకే అమ్మ ఉండే గది. మంచం మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన గుమ్మంలో ఉన్నారు. అమ్మ నా ఎడమ మణికట్టు పట్టుకుంది. చేపలు కోసి కోసి మొరటుదేలిన వేళ్ళు. చెయ్యి లాగేసుకోవాలనిపించింది. అయినా ఓర్చుకున్నాను.

“ఇక వదులమ్మా,” అన్నాను.

వదల్లేదు.

“అమ్మా, వదులు.”

పట్టు ఇంకా బిగిసింది. అమ్మ నావైపు చూస్తోంది గానీ, నన్ను చూడటం లేదు. నేను గింజుకుని అరిచాను. ఆయన పరిగెత్తుకొచ్చి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. నేను గోడకి చేరగిలపడ్డాను. అమ్మ తన చేతినే చూసుకుంటూ ఉండిపోయింది.

“వదిలితే పోతారే,” అంది చివరికి. “ఈ చేత్తో నిన్ను పట్టుకున్నా, ఆ చేత్తో వాణ్ణి. ఇద్దర్నీ ఒకేలా పట్టుకున్నానే. నేను వాణ్ణి వదల్లేదు. జారిపోయాడు.”

అమ్మ నోట తమ్ముడి మాట వినడం నాకు అదే మొదలు. జాలిపడాల్సిన చోట మళ్ళీ నాకు కోపమే వచ్చింది.

“ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పావా అమ్మా నాకు?”

“ఎవరడిగారే?” అంది అమ్మ.

నిజమే. ఉప్పెన తర్వాత బియ్యం ఇచ్చారు, దుప్పట్లు ఇచ్చారు, పోయినవాళ్ళ పేర్లు రాసుకున్నారు. బతికినవాళ్ళకి లోపల ఏమైందని అడగడానికి ఎవరూ రాలేదు. మావయ్య మర్చిపొమ్మన్నాడు. అత్తగారు దారం కట్టించబోయారు. డాక్టరు సూది పొడిచాడు. నేనేమో బొమ్మ గీసి పిల్లలకి మార్కులు తెప్పించాను. తల్చుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి. ఆ మొదటి ఏడాదిలోనే ఎవరైనా అమ్మని కూర్చోబెట్టి చెప్పించి ఉంటే, మా ఇద్దరికీ ఇంత బతుకు ఇలా గడిచేది కాదు.

ఆ తర్వాత నేను బందరు వెళ్ళినప్పుడల్లా అమ్మే మంచం మీద చోటు చూపించేది. డాక్టరమ్మ చెప్పిన ఆట మాకు తిరగబడింది. నేను పట్టుకోనివ్వడం నేర్చుకోవాలి, అమ్మ వదలడం నేర్చుకోవాలి. కొన్నిసార్లు మధ్యలోనే పోట్లాడుకుని లేచిపోయేవాళ్ళం. “నీ వల్లే కావట్లేదు,” అని నేను, “నువ్వు ముందే గింజుకుంటావు,” అని అమ్మ. ఏడాది దాటాక, వదులు అనగానే అమ్మ వేళ్ళు తెరుచుకోవడం మొదలైంది. తెరిచినప్పుడల్లా నావైపు ఎగాదిగా చూసేది, నేను ఇంకా అక్కడే ఉన్నానో లేదో అన్నట్టు.

పూర్తిగా నయమైందని చెప్పను. పాపని ఎడమచేత్తో పట్టుకుని రోడ్డు దాటిస్తున్నాను. ముందుగా చెప్పి పట్టుకుంటే ఎవరితోనైనా ఓర్చుకోగలను. వెనకనుంచి హఠాత్తుగా పట్టుకుంటే మాత్రం నా చెయ్యి ఇప్పటికీ లేస్తుంది. నిద్రలేని రోజుల్లో ఇంకా తొందరగా లేస్తుంది. “నయమైపోయిందిగా?” అని ఎవరైనా హుషారుగా అడిగితే కూడా లేచేలాగే ఉంటుంది.

డాక్టరమ్మ దగ్గరికి రమ్మని అమ్మని ఎన్నిసార్లు అడిగానో. “నాకేం లేదు,” అనేది. రెండువేల అయిదు వానాకాలంలో నేను బందరు వెళ్ళేసరికి, అమ్మ తన ఈడున్న ఒకావిణ్ణి వెంటబెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. మా పాత ఊరావిడే. బజారులో అమ్మ చేపలబుట్ట పక్కనే కూర్చుని ఎండుచేపలు అమ్ముతుంది. మబ్బు పడితే చాలు అన్నం తినదట, మంచం ఎక్కదట, ఇంట్లోవాళ్ళని ఎవరినీ గడప దాటనివ్వదట.

“దీన్ని మీ డాక్టరమ్మకి చూపించు,” అంది అమ్మ. “ఊరికే భయపడతది.”

“నువ్వూ లోపలికొస్తే తీసుకెళ్తాను,” అన్నాను చిరాగ్గా.

“నాకెందుకే? తోడొస్తా, అంతే.”

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. ఎంత చెప్పినా అమ్మ లోపలికి రాలేదు, బయట తలుపు పక్క బల్ల మీదే కూర్చుంది. ఆ ఊరావిడతో నేను లోపలికెళ్ళి తలుపు వెయ్యబోతుంటే, అమ్మ కాలు అడ్డం పెట్టింది.

“అది తీసే ఉంచు,” అంది, బల్ల మీదే తలుపు వైపుకి ఇంకాస్త జరిగి. “గాలాడక ఇక్కడ ఉక్కగా ఉంది.”